రిజిస్టరు నడుమ మిగిలిన పేజీలు

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే లేచి చెప్పులు తొడుక్కుని బయటికి నడిచే రకం నేను. ఇప్పటికీ అంతే. మెడికల్ కాలేజీలో రెండేళ్లు శవాల మధ్య చదువుకున్నాను. ఆ తర్వాత శ్రీరాంపూర్ వైపు బొగ్గుబాయిల దగ్గర చాలా ఏళ్లు డాక్టరు పని చేశాను. బాయిలో ప్రమాదానికి పోయినవాళ్లు మళ్లీ కనబడుతున్నారని కార్మికులు వచ్చి చెబితే, నిద్ర చాలక అలా అనిపిస్తుందని చెప్పి రెండు రోజులు సెలవు చీటీ రాసిచ్చేవాణ్ణి.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నాకూ ఎవరో సెలవు చీటీ రాస్తారని భయం. ఇప్పుడు నాకు పోయే పరువేమీ లేదు కనుక, జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను చేసిన తప్పుతో సహా చెబుతాను. అది వదిలేస్తే ఇందులో చెప్పడానికి ఏమీ ఉండదు.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. మగ్గం ఇల్లు. నిజాం రాజ్యంలో బడి అంటే ఉర్దూ బడే కనుక నేను అలీఫ్ బే దగ్గరే అక్షరాలు మొదలుపెట్టాను. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను. తీరా హైదరాబాదులో డాక్టరు చదువులో చేరేసరికి రాజ్యం మారింది, చదువంతా ఇంగ్లీషు అయి కూర్చుంది. మొదటి ఏడాది ఒక పేజీ చదవడానికి నాకు పూట పట్టేది.

నా పక్క మంచం విఠల్‌ది. అతనిది ఆదిలాబాదు జిల్లా, ఇచ్చోడ దగ్గర ఊరు. పత్తి, జొన్న పండించుకునే ఇల్లు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. అతనూ ఉర్దూ బడి పిల్లవాడే. అయితే నాకు పోయిన ఒక అలవాటు అతనికి పోలేదు. ఏ నోటుబుక్కు చేతికిచ్చినా దాన్ని వెనక అట్ట వైపు నుంచి మొదలుపెట్టేవాడు. రాసేది ఇంగ్లీషే, ఎడమ నుంచి కుడికే రాస్తాడు, కానీ పేజీలు మాత్రం ఉర్దూ పుస్తకంలా కుడి వైపు నుంచి తిప్పుతాడు. పేజీ నంబర్లు కూడా ఉర్దూ అంకెల్లోనే వేసేవాడు. రికార్డు పుస్తకం ఇలా వెనక నుంచి రాసిచ్చి అందరి ముందు తిట్లు తిన్నాడు. మళ్లీ పుస్తకమూ అలాగే రాశాడు. చేతికి అదే వచ్చేది.

ఫైనల్ పరీక్షలో ఇద్దరం తప్పాం. నేను మెడిసిన్‌లో తప్పాను, అతను సర్జరీలో తప్పాడు. మళ్లీ పరీక్ష ఆరు నెలలకు. ఇంకొకసారి తప్పితే చదువు మానేసి మగ్గం గుంటలో కూర్చుంటానని బాపుకు మాట ఇచ్చాను. ఆయనేమీ అడగలేదు, నేనే సిగ్గుకొద్దీ ఇచ్చాను.

హాస్టల్లో ఉండనివ్వరు కనుక, కరీంనగర్‌లో మా మేనత్త ఇంటి వెనక ఉన్న చిన్న అర్రలో కూర్చుని చదువుకుందామని అనుకున్నాం. విఠల్ దసరాకు ఊరికి పోయి, దీపావళి వెళ్లాక ట్రంకుపెట్టెతో దిగాడు. రాష్ట్రం ఆంధ్రతో కలిసి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు.

మా చదువు బరువు సంగతి చెప్పాలి. పుస్తకాలు మావి కావు. సీనియర్ల దగ్గర పదిరోజుల గడువు మీద అడుక్కొచ్చినవి. అప్పటిదాకా రాసుకున్న నోట్సు ముక్కలు ముక్కలుగా ఉండేది. సగం వార్డులో నిలబడి రాసింది, సగం చిత్తుకాగితాల మీద రాసింది. ఏ జబ్బు ఎక్కడుందో వెతకడంలోనే పొద్దు గడిచిపోయేది. మొదటి వారం నేను ఆ కాగితాల కుప్ప ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను.

అప్పుడు విఠల్ బజారు నుంచి ఒక లావు రిజిస్టరు పట్టుకొచ్చాడు. ఏదో జాగీరు కచేరీ మూతపడ్డప్పుడు రాయకుండా మిగిలిపోయినదట, చిత్తుకాగితాల అంగడిలో పడి ఉందట. ఆకుపచ్చ బట్ట అట్ట, దిట్టమైన కాగితం.

దాన్ని నా ముందు పెట్టి ఏర్పాటు చెప్పాడు. "నువ్వు సర్జరీల పాసైనవ్, నేను మెడిసిన్ల పాసైన. నీకు రానిది నేను రాస్త, నాకు రానిది నువ్వు రాయి. నువ్వు నీ దిక్కు నుంచి రా, నేను నా దిక్కు నుంచి వస్త. నడుమ కలుద్దాం."

అదే చేశాం. నేను ముందు అట్ట నుంచి సర్జరీ రాసుకుంటూ వచ్చాను, అతని కోసం. అతను వెనక అట్ట నుంచి మెడిసిన్ రాసుకుంటూ వచ్చాడు, నా కోసం. పొద్దంతా వంతులవారీగా రిజిస్టరు మా మధ్య చేతులు మారేది. ఒకడు అందులో రాస్తుంటే ఇంకొకడు చిత్తుకాగితాలు సర్దేవాడు. పరీక్షకు పోయే ముందు అతను నా వైపు చదువుకోవాలి, నేను అతని వైపు చదువుకోవాలి. మా బాపు పంపిన అద్దకపు నూలులోంచి రెండు పోగులు తీసి గుర్తుగా పెట్టుకున్నాం. ఎర్ర పోగు నాది, నల్ల పోగు అతనిది. రాసిన చివరి పేజీలో ఎవరి పోగు వాళ్లు పెట్టుకోవాలి. పొద్దుగూకే ముందు రెండు పోగుల మధ్య ఎన్ని పేజీలు ఖాళీగా మిగిలాయో లెక్కపెట్టడం రోజూ చేసే పని. ఆ సంఖ్య తగ్గుతుంటే మా భయమూ తగ్గేది. రేపటికి ఇంత అని ముందే తెలియడం వల్ల నాకు అన్నం సయించడం మొదలైంది.

అత్త మమ్మల్ని చూసి నవ్వేది. "ఒకే పడుగుకు ఇద్దరు కూసున్నట్టున్నది మీ యవ్వారం" అనేది. ఆమెకు అక్షరం రాదు. ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. ఇది గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

విఠల్ గుండె, కాలేయం, మూత్రపిండాలు, నరాలు అన్నీ వరసగా రాశాడు. ఊపిరితిత్తుల పాఠం మాత్రం పక్కకు పెట్టాడు. అడిగితే చివరికి రాస్తానన్నాడు. నాకు సరిగా రానిది ఆ పాఠమే. దానిలోనే తప్పాను.

ఇక నా తప్పు.

కార్తీకం చివర్లో ఒక పొద్దున, పెరట్లో బాయి దగ్గర వేపపుల్లలతో పళ్లు తోముకుంటున్నాం. అతను దూరంగా పోయి దగ్గి ఉమ్మాడు. వెంటనే కాలితో మట్టి తోశాడు. మట్టి పడకముందు నేను చూశాను. ఎర్రగా ఉంది. పంటి చిగుళ్ల నెత్తురు కాదు. అది ఎలా ఉంటుందో, ఇది ఎలా ఉంటుందో అప్పటికే వార్డులో వందసార్లు చూసినవాణ్ణి. నురగతో ఉంది.

అతను తల తిప్పాడు. నేను అప్పుడే బొక్కెన వైపు తిరిగాను. అతను నన్ను చూశాడో లేదో తెలియలేదు. నేను నోరు పుక్కిలించి, "హెర్నియా అయిపోయింది, ఇయ్యాల అపెండిక్స్ షురూ చేస్త" అని చెప్పి లోపలికి వచ్చేశాను.

ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఆ రోజు అనలేదు, మర్నాడు అనలేదు. క్షయకు అప్పటికే సూదిమందు వచ్చింది. వెంటనే హైదరాబాదు తీసుకుపోయి ఉంటే బతికేవాడేమో. బతకకపోయేవాడేమో కూడా. కానీ నేను నోరు తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అతన్ని క్షయ ఆసుపత్రికి పంపుతారు, పరీక్ష పోతుంది, అత్త అర్ర ఖాళీ చేయిస్తుంది, నా మెడిసిన్ నోట్సు ఆగిపోతుంది. నిజం చెబుతున్నాను, ఆ చివరిదే నాకు ముందు తట్టింది.

సాయంత్రాలు అతనికి ఒళ్లు వెచ్చబడేది. చలికాలంలో అంగీ చెమటతో తడిసేది. చెంపలు లోపలికి పోయాయి. నేను పక్కనే కూర్చుని అతని చేతిరాతలో జ్వరాల గురించి చదువుకుంటున్నాను. అతను బొంత భుజాల మీద కప్పుకుని రాసేవాడు. ఒక్కోసారి నా వైపు చూసి ఏదో అనబోయినట్టు ఉండేవాడు. నేను వెంటనే ఒక ప్రశ్న అడిగేవాణ్ణి, పచ్చకామెర్ల గురించో, దేని గురించో. అతను ఓపిగ్గా చెప్పేవాడు.

చివరికి కలం పట్టుకునే బలం లేకుండా పోయింది. "జర ఊరికి పోయొస్త, అవ్వ చేతి కూడు తింటె సర్దుకుంటది" అన్నాడు. బస్టాండు దాకా నేనే మూట మోసుకుపోయాను. నిర్మల్‌లో బస్సు మారాలి. ట్రంకుపెట్టె ఇక్కడే వదిలాడు. రిజిస్టరు కూడా నా దగ్గరే ఉంచాడు.

బస్సు కిటికీలోంచి అతను చెప్పిన మాట ఇది. "ముప్పై ఆరు పేజీలు మిగిలినయ్. ఊపిరితిత్తులది నువ్వు రాయకు రాజేశం. అది నా పాలు. నేనే రాస్త."

సరే అన్నాను. పైలం, జాగ్రత్తగా పో అన్నాను. డాక్టరు దగ్గరికి పో అని మాత్రం అనలేదు.

అతను పోయాక రోజూ సర్జరీ రాశాను. పన్నెండో రోజు, అది సోమవారం, నీలి సిరా అయిపోయింది. బజారుకు పోతే అంగడిలో నీలి సిరా బిళ్లలు లేవు. ఊదా రంగువి ఉన్నాయి. అవే తెచ్చి నీళ్లలో కలిపాను. ఆ సాయంత్రం రెండు పేజీలు ఊదా సిరాతో రాసి, ఎర్ర పోగు పెట్టాను. ఖాళీ పేజీలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఇది నా చిన్న డైరీలో రాసుకున్నాను, ఆ డైరీ ఇప్పటికీ ఉంది.

విఠల్ అక్కడున్న రోజుల్లో ఆ అర్రలో ఊదా సిరా లేదు. ముందు ఎప్పుడూ వాడలేదు. ఇదొక్కటి గట్టిగా చెప్పగలను.

మర్నాడు మంగళవారం మధ్యాహ్నం ఊరికి వచ్చిన మా చిన్నాన్నను కలవడానికి బయటికి పోయాను. ఒక గంట, గంటన్నర అయి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి అత్త అర్ర గడప మీద రెండు కప్పుల చాయ్ పెట్టి కూర్చుని ఉంది.

"విఠల్ ఎప్పుడొచ్చిండు, ఎటు పోయిండు బిడ్డా? నువ్వు బోయినంక దగ్గు ఇనబడ్డది. రాసుకుంటుండేమోనని లోపలికి రాలే. చాయ్ వెట్టుకొచ్చేసరికి ఎవ్వలు లేరు."

విఠల్ ఇచ్చోడలో ఉన్నాడు కదత్తా, పక్కింటివాళ్ల దగ్గు అయి ఉంటుంది అన్నాను. ఆమె వాదించలేదు. రెండు కప్పులూ నేనే తాగాను. లోపలికి పోతే కలం రిజిస్టరు మీద అడ్డంగా ఉంది. పాళీ ముట్టుకుంటే వేలికి సిరా అంటింది. పొద్దున నేనే కడగకుండా వదిలేశానేమో అనుకున్నాను. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

శుక్రవారం కార్డు వచ్చింది. పైన అశుభం అని రాసి ఉంది. విఠల్ మంగళవారం మధ్యాహ్నం పోయాడు.

ఆ కార్డు చదివి ఏం చేశానో సరిగా గుర్తులేదు. అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమెకు మూడు రోజుల కిందటి దగ్గు గుర్తొచ్చి, అది విఠల్‌దేనంది. ఆ మాట ఎత్తవద్దని ఆమెను గదమాయించాను. ఆమెను నేను గదమాయించింది అదొక్కసారే.

పదిహేను రోజులకు విఠల్ బాపు ట్రంకుపెట్టె కోసం వచ్చాడు. తెల్ల పగిడీ, గుండ్రటి ముఖం. విఠల్ కళ్లే ఆయనవి. అర్రలో చాప మీద కూర్చుని గోడల వైపు చూశాడు. కొడుకు కూర్చున్న చోటు ఎక్కడో అడిగాడు. చూపించాను. అక్కడికి జరిగి కూర్చున్నాడు.

తర్వాత అడిగాడు. "బిడ్డా, నువ్వు డాక్టర్ సదువు సదువుతున్నవ్. ఒక్క అర్రల పండుకున్నరు, ఒక్క కంచంల తిన్నరు. నీకు ఎరుక కాలేదా?"

"కాలే బాపూ" అన్నాను.

ఆయన తల ఊపాడు. దారికి కట్టించుకున్న మూట విప్పాడు. అందులో నాలుగు జొన్నరొట్టెలు, పల్లి పచ్చడి ఉన్నాయి. రెండు రొట్టెలు తీసి నా ముందు పెట్టి, "తిను. బక్కగైనవ్" అన్నాడు. రిజిస్టరు చూపిస్తే, అందులో సగం నీదే కదా, ఉంచుకొమ్మన్నాడు. ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను చేసింది మీకు పిచ్చిగా అనిపించవచ్చు. సర్జరీ రాయడం ఆపలేదు. సర్జరీ నాకు అవసరం లేదు, నేను అందులో పాసయ్యాను. ఎవరి కోసం రాస్తున్నానో ఆ మనిషి లేడు. నేను చదవాల్సింది అతని వైపు పేజీలు. ఆ వైపు తెరవడానికి చేతులు రాలేదు. అందుకని నా వైపు నుంచి రాసుకుంటూ పోయాను. ఎముకలు విరిగితే కట్టే పద్ధతి, కాలిన గాయాలు, అన్నీ శుభ్రంగా, గీతలు గీసి, బొమ్మలు వేసి, అతను మెచ్చుకునేట్టు రాశాను. నా పాలు పూర్తి చేస్తే ఏదో తీరిపోతుందని ఒక మొండి ఆశ ఉండేది. ఏం తీరుతుందో మాత్రం తెలియదు.

అలా నడుమకు వచ్చాను. ఆ సోమవారం తర్వాత పోగుల మధ్య పేజీలు మళ్లీ లెక్కపెట్టలేదు, డైరీలోని ఇరవై రెండులోంచి రాసినవి తీసేసుకుంటూ వచ్చాను. ఆ లెక్క ప్రకారం ఇంకొక్క పేజీ ఖాళీగా ఉండాలి. పేజీ తిప్పితే ఖాళీ లేదు. నల్ల పోగు అక్కడ ఉంది. పేజీ రాసి ఉంది, ఊదా సిరాతో.

అది విఠల్ చేతిరాత. అతని టీ అక్షరం మీది గీత ఎప్పుడూ పక్క అక్షరం మీదికి పోతుంది. ఇక్కడా అలాగే పోయింది. పేజీ మూలన ఉర్దూ అంకెల్లో నంబరు ఉంది, అతని ముందు పేజీకి సరిగ్గా తర్వాతి నంబరు. అది ఊపిరితిత్తుల పాఠం కాదు. వార్డులో రోగి గురించి మేం రాసే కేసు షీటు. రోగి చెప్పిన మాటలు ఉర్దూలో రాసుకోవడం అతని అలవాటు. ఇందులోనూ ఆ వరసలు ఉర్దూలోనే ఉన్నాయి. తెలుగులో చెబితే ఇంతే.

పురుషుడు. ఇరవై నాలుగేళ్లు. విద్యార్థి. దగ్గు, దసరా నుంచి. సాయంత్రం జ్వరం, కార్తీకం నుంచి. నెత్తురు, ఒక పొద్దున, బాయి దగ్గర. చూసినవాళ్లు ఇద్దరు.

దాని కింద చికిత్స అని రాసి, గీత కొట్టి ఉంది. ఆ గీత కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం ఎండ అర్రలోకి వచ్చి, పోయింది. కేసు షీటులో అలాంటి వరస ఉండదు. దగ్గు ఎవరు చూశారు, నెత్తురు ఎవరు చూశారు అని ఎవరూ రాయరు. అది నాకు రాసిన వరస.

మొదట నేను డాక్టరులాగే ఆలోచించాను. నిద్రలేక, దుఃఖంలో నేనే రాసుకుని మరచిపోయి ఉంటానని అనుకున్నాను. సిరా నాది, అర్ర నాది, ఉర్దూ నాకూ వచ్చు, అతని చేతిరాత రోజూ చూసినవాణ్ణి. ఎవరైనా వచ్చి నాకు ఈ ముచ్చట చెబితే నేనూ అదే అంటాను. ఆ మాటతోనే మనసుకు సర్దిచెప్పుకుని పరీక్షకు పోయాను. మౌఖిక పరీక్షలో ఊపిరితిత్తుల గురించే అడిగారు. క్షయ లక్షణాలు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చెప్పాను. పరీక్షకుడు మెచ్చుకున్నాడు. పాసయ్యాను.

ఫలితం వచ్చిన వారానికి రిజిస్టరు తీసుకుని ఇచ్చోడ వైపు పోయాను. విఠల్ బాపుకు నిజం చెప్పకుండా డాక్టరుగా ఒక్క రోగి చెయ్యి కూడా పట్టుకోలేననిపించింది. బస్సు దిగి రెండు కోసులు నడిచాను. విఠల్ బాపు చేనులో పత్తికట్టె పీకుతున్నాడు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు.

ముందు తప్పు ఒప్పుకోవాలని పోయినవాణ్ణి, నోరు రాక రిజిస్టరు తెరిచాను. ఆయనకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. దసరా నుంచి దగ్గు అన్న దగ్గర ఆయన అడ్డుపడ్డాడు.

"అవ్, దసరకు ఇంటికొచ్చినప్పుడే దగ్గుతుండె. మీ అత్తోళ్లింటికి వచ్చేటప్పుడు దాచిపెట్టిండు. నీకెట్ల తెలిసింది?"

నాకు తెలియదు. నేను అతని దగ్గు మొదటిసారి విన్నది దీపావళి తర్వాత, అదీ చలికి అనుకున్నాను. దసరా సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనే రాసుకున్నానన్న నా మాట అక్కడ కూలిపోయింది.

మిగతా వరసలు చదివాను. చూసినవాళ్లు ఇద్దరు అని చదివి ఆగిపోయాను. "ఆ రెండోవాణ్ణి నేనే బాపూ. చూసిన. మీరడిగినప్పుడు చూడలేదని అబద్ధం చెప్పిన" అన్నాను. ఏడుపు వచ్చింది.

ఆయన పగిడీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకెరుకే బిడ్డా. వాడు ఇంటికొచ్చిన నాడే చెప్పిండు. రాజేశం సూసిండు బాపూ, నేను గుర్తువట్టిన, గని ఇద్దరం సప్పుడు జెయ్యలే అన్నడు. పరీచ్చలున్నయ్, వాన్నేమనకు అన్నడు. ఒట్టు వెట్టించుకున్నడు. గని నేను ఆగలే. కడుపు కాలి అడిగిన."

ఆయనే మళ్లీ అన్నాడు.

"ఆఖరి దినం పొద్దుటిసంది మాట లేదు. బొంత మీద ఏలుతోని రాసుకుంట పండుకున్నడు. ఏం రాస్తున్నవ్‌రా అని వాళ్లవ్వ అడిగింది. పాలు మిగిలింది అన్నడు. గదే ఆఖరి మాట. ఎసరు పెట్టి వచ్చేసరికి పాణం వోయింది."

అది మంగళవారం మధ్యాహ్నం. కరీంనగర్‌లో మా అత్త రెండు కప్పుల చాయ్ పెట్టిన వేళ.

ఇదీ సంగతి. రిజిస్టరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎర్ర పోగు రంగు వెలిసింది, నల్ల పోగు అలాగే ఉంది. నీలి సిరా పాలిపోయినా ఊదా సిరా చదవడానికి వస్తుంది. తెలిసిన ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు ఎవరిదో కథ అని చెప్పి కారణం అడిగాను. నేనే రాసుకున్నానన్నదే వాళ్లు చెప్పిన కారణం. దసరా దగ్గు గురించి అడిగితే విషయం మార్చారు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అనడానికి నాకు ఇంకో మాట కూడా దొరకలేదు.

బొగ్గుబాయిల దగ్గర ఉన్నన్నాళ్లూ ఎవడు దగ్గినా, ఎక్కడ దగ్గినా, ముఖం మీదే అడిగేవాణ్ణి. బస్సులో, పెళ్లిలో, చావు దగ్గర కూడా అడిగాను. చాలామంది నన్ను మర్యాద లేని మనిషి అన్నారు. పడ్డాను.

చికిత్స అన్న మాట కింద ఆ సగం పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఒకటి రెండుసార్లు కలం తీశాను. అక్కడ రాయగలిగింది ఏదైనా ఉంటే అది కార్తీకంలో, పెరటి బాయి దగ్గరే చెప్పాల్సింది.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. సిరా సంగతి కన్నా నాకు ఇదే ఎక్కువ అంతుపట్టదు. ఆ రోజు అర్రలో నేను అబద్ధం చెబుతున్నానని విఠల్ బాపుకు తెలుసు. తెలిసీ మూట విప్పి, దారికి తెచ్చుకున్న నాలుగు రొట్టెల్లో రెండు నా ముందు పెట్టాడు. బక్కగైనవ్ అన్నాడు. ఆయన వెళ్లిపోయాక నేను వాటిని పక్కన పెట్టలేదు. ఆకలిగా ఉంది. రెండూ తిన్నాను.